పక్క మిషను ఆవిడ ఫైలు

శ్రీవారికి,

ఇక్కడ నేనూ పిల్లదీ కులాసాగానే ఉన్నాం. మీరూ అలాగే ఉన్నారని మీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. మీరడిగినవాటికి వరసగా చెబుతాను. పిల్లదానికి దగ్గు తగ్గింది. కొళాయి కారడం ఆగింది. బాగుచేసినతను మాత్రం "మళ్ళీ కారితే నన్ను పిలవకండమ్మా" అనేసి వెళ్ళాడు.

హెడ్డాఫీసులో నా పని మీకు తెలిసిందే. మీ ఫ్యాక్టరీవాళ్ళతో సహా ఉద్యోగులందరి ఫైళ్ళున్న బీరువా తాళం నా దగ్గరే ఉండేది. ఎవరు ఏ ఫైలు తీసినా పుస్తకంలో పేరు, టైము, కారణం రాయాల్సిందే. ఒకసారి పెద్దాఫీసరుగారే వచ్చి "నేను కూడానా అమ్మా?" అంటే, "ముందు మీరే సార్" అన్నాను.

ఇక మీ పక్క మిషను ఆవిడ సంగతి. మూడు నెలలుగా మీ ప్రతి ఉత్తరంలోనూ ఆవిడే. "ఎంత శ్రద్ధగా వింటుందనుకున్నావ్! దగ్గరకొచ్చి నిలబడి, నా నోటివంకే చూస్తూ వింటుంది" అని రాశారు. పెళ్ళయి పదకొండేళ్ళయింది. నేను మాట్లాడుతుంటే ఒక్కనాడైనా పేపర్లోంచి తలెత్తారా మీరు? నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట మీదే బీరువా తెరిచి ఆవిడ ఫైలు తీశాను. అలవాటు కొద్దీ పుస్తకంలో నా పేరూ టైమూ రాసేశాను. కారణం దగ్గర చెయ్యి ఆగింది. కుళ్ళు అని రాయలేను కదా! "తనిఖీ" అని రాశాను.

ఫైల్లో అంటించిన కవరొకటి ఉంది. చింపాను. ఆవిడకి ఒక చెవి బొత్తిగా వినపడదట. మిషను పనికి అది అడ్డం కాదని డాక్టరు రాశాడు. తోటివాళ్ళకి తెలియనివ్వద్దని కింద ఆవిడే రాసుకుంది. హమ్మయ్య అనుకుని నోరు మూసుకుంటే ఎంత బాగుండేది! ఆగలేక మధ్యాహ్నం టైపిస్టుతో అన్నాను: "మావారి అందం చూసి కాదే తల్లీ, వినపడక చూస్తోందట!" ఇద్దరం విరగబడి నవ్వాం. టైపిస్టు వాళ్ళన్న మీ ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"ఆవిడ చెవి సంగతి ఏ పాపాత్ముడు బయటపెట్టాడో" అని రాశారు. నేనేనండీ. వినపడని మనిషి పక్కనుంటే ప్రమాదమని తోటివాళ్ళు గోల చేసి ఆవిడని మిషను మీంచి తప్పించి, స్టోరులో చీటీలు రాయడానికి కూర్చోబెట్టారంటే అదంతా నా నోటి చలవే. పుస్తకంలో ఆ పేజీ చింపేద్దామనుకున్నాను గానీ చేతులు రాలేదు. జరిగిందంతా కాగితం మీద పెట్టి ఈ పొద్దున పెద్దాఫీసరుగారికిచ్చాను. ఆవిడ మిషను ఆవిడకి ఇప్పించమని అందులోనే వేడుకున్నాను. ఆయన రెండుసార్లు చదివి, "తాళం ఇలా ఇవ్వమ్మా" అన్నారు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మీరేమంటారోనని అంతకంటే ఎక్కువ భయంగా ఉంది.

ఒక్కటి మాత్రం ఆ కాగితంలో రాయలేదు. "ఇప్పుడావిడ మా దగ్గరికే రావడం లేదు, మూల ఒక్కతే కూర్చుని తింటోంది" అని మీరు రాసిన చోట నాకు ముందు కలిగింది జాలి కాదండీ. సంతోషం.

ఇట్లు,
మీ ఇల్లాలు