తల అడ్డంగా ఊపి ఆకలితో పడుకున్నాను

అమ్మా, లైప్‌జిగ్ చేరి వారమైంది, కులాసాగానే ఉన్నాను.

ఇల్లుగలావిడ ఫ్రౌ కెసలర్ రోజూ "ఇంకాస్త సూప్ పొయ్యనా, బాబూ?" అనేది. నేను అవునని తల అడ్డంగా ఊపితే గిన్నె పట్టుకుపోయేది. నాలుగు రోజులు అర్ధాకలి. అయిదో రోజు ఒళ్ళు మండి, మీది పేదవాడి నోటికాడి కూడు లాక్కునే వర్గమని ఆవిడని దులిపేశాను. "వద్దని తల ఊపింది నువ్వు కాదుటయ్యా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మన బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని, ఇక్కడ కాదనిట! క్షమించమన్నాను. ఆవిడ తల పైకీ కిందికీ ఊపింది. మన లెక్కన అది కాదనడమేగా, నా గుండె జారిపోయింది. అంతలో పళ్ళెం అంచుదాకా నింపింది.

నాన్న దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్ళు, ఫ్రౌ కెసలర్ కోసం మన ఎండుమిరప పొడి పంపు. నా కరపత్రాలు పొయ్యిలో వెయ్యకు. సరేనని తల ఊపితే చాలదు, రాసి పంపు.

నీ చేతికి ముద్దుపెడుతూ,
స్తోయన్