రబ్బరు బంతి

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమమని మొదటే రాయడం అలవాటు కదా, రాశాను. నమ్మాలో వద్దో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. నీకు ఫోన్‌లో సరిగా వినపడకపోవడం ఈసారి నాకే కలిసొచ్చింది. ఇది నోటితో చెప్పగలిగేది కాదు.

"మన చిలక పాఠాలు గడగడా చదువుతోందా?" అని అడిగావు. నా కూతురు ఎప్పుడూ చదవలేదమ్మా. నువ్వో నేనో చదివి వినిపించిన పాఠాన్ని గుర్తుపెట్టుకుని, సరిగ్గా తిప్పాల్సిన చోట పేజీ తిప్పుతూ అప్పజెప్పేది. తొమ్మిదేళ్ళొచ్చినా మనమిద్దరం కనిపెట్టలేదు. నేనేమో అక్షరాలు పట్టుబడని పిల్లల మెదడు ఎలా పనిచేస్తుందో చూసే ల్యాబ్‌లో పదేళ్ళుగా ఉద్యోగం వెలగబెడుతున్నాను!

పోయిన నెల, పోల్చి చూడటానికి బాగా చదివే పిల్లల్లో ఒకరు తక్కువైతే దీన్నే తీసుకెళ్ళాను. స్కానింగ్ మిషన్‌లోకి పంపుతుంటే, "వాషింగ్ మిషన్‌లా ఉంది, నా రంగు వెలిస్తే నీదే పూచీ" అంది. ఆపరేటర్ నవ్వి, చేతికి రబ్బరు బంతి ఇచ్చాడు. "భయమేస్తే నొక్కు బంగారం, వెంటనే బయటికి తీసేస్తాం."

లోపల తెర మీద కొత్త మాటలు, ఒకదాని వెంట ఒకటి. అక్కడ అప్పజెప్పడానికి ఏముంది? తర్వాత మిషన్ తీసిన దాని మెదడు బొమ్మలు చూశాను. చదివేటప్పుడు మెదడులో ఎడమవైపు వెనక భాగం చురుగ్గా ఉండాలి. దీనికక్కడ మందకొడిగా ఉంది, ముందు భాగం మాత్రం రెట్టింపు శ్రమపడుతోంది. ఇలాంటి పిల్లని బద్ధకమని ఎన్నిసార్లు తిట్టానో.

అసలు సంగతి ఇంకా రాయలేదు. మధ్యలో అది బంతి నొక్కింది. మా గదిలో గంట మోగింది. ఆపరేటర్ ఆపబోతే నేనే చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇంకా ఏడు నిమిషాలేగా, పూర్తి కానివ్వండి."

"నొక్కితే ఆపాలి మేడమ్."

"నా కూతురే కదా!"

అది నొక్కుతూనే ఉంది. కదలకుండా. కదలొద్దని నేనే చెప్పాను మరి.

బయటికొచ్చాక అడిగింది. "అమ్మా, బంతి పాడైపోయిందా?"

అవునన్నాను.

ఏడవలేదు. "పాపం, రేపొచ్చే పిల్లలకైనా బాగుచేయించు" అంది. బాగుచేశారా అని రోజూ అడుగుతోంది. ఇంత స్పష్టమైన బొమ్మలు ఎవరివీ రాలేదని మా ప్రొఫెసర్ మెచ్చుకుంటున్నారు.

ఇదంతా దాని ఎదురుగానే కూర్చుని రాస్తున్నాను. చదవడం దానివల్ల కాదన్న ధైర్యం. ఇప్పుడే గడ్డం బల్లకానించి, "అమ్మమ్మకు ఏం రాశావో నాకూ చదివి వినిపించవూ" అంటోంది.

ఏం వినిపించినా నమ్ముతుంది. పొల్లుపోకుండా గుర్తుంచుకుంటుంది కూడా.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి