గుండుగాడికి రెండు రోజులు మేత వద్దు

ఏమండీ, మీరు డ్యూటీ దిగి వచ్చేసరికి గుండుగాడు తొట్టిలో నీళ్ళ మీద ఒక పక్కకి ఒరిగి తేలుతుంటాడు. పోయాడనుకుని కంగారుపడకండి, మొప్పలు ఆడుతూనే ఉన్నాయి. కిందికి ఈదబోతే బెండులా మళ్ళీ పైకి వచ్చేస్తున్నాడు. పొట్ట ఉబ్బింది.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చి చూడగానే చేపల కొట్టాయనకి ఫోన్ చేశాను. ఒంటిమీద మచ్చలున్నాయా, రెక్కలు ముడుచుకున్నాడా అని అడిగాడు. లేదన్నాను. "మేత ఎన్నిసార్లమ్మా?" అంటే, "పొద్దున ఒక్కసారే, నేనే వేసి బయల్దేరతాను" అని గొప్పగా చెప్పాను. తీరా డబ్బా చూస్తే, నెల రావలసిన మేత పదిహేను రోజులకే అడుగంటింది. నేను వెళ్ళాక మీరొచ్చి, పాపం పస్తులున్నాడని మళ్ళీ వేస్తున్నారు కదూ? సంగతి చెబితే ఆయన నవ్వాడు. "మొగుడూ పెళ్ళాలు రోజుకొక్కసారి మాట్లాడుకోండమ్మా, చేప బతుకుతుంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నీళ్ళు పావు వంతు మార్చాను. ఇవాళా రేపూ ఏమీ వేయొద్దు. ఆదివారం ఉడికిన బఠాణీ తొక్క తీసి, చిదిమి పెట్టాలట. నేను సెలవు అడిగాను. మీరూ అడగండి. ఇద్దరం కలిసి పెడదాం.

మీ అన్నం మూత కింద ఉంది.

మరిచాను. మిమ్మల్ని చూడగానే తొట్టి అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తాడు. కరిగిపోకండి. అది ఆకలి కాదు, మనిషి కనబడితే చాలు, అలాగే చేస్తాడు. కాసేపు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి. లేచాక కుర్చీ తీయకండి. సాయంత్రం నేనూ అందులోనే కూర్చుంటాను.