ఆకుపచ్చ కర్టెన్ ఫొటో

అమ్మలూ,

బస్సు తీసే టైమైంది, వెళ్తున్నా. అమ్మే లేనప్పుడు కుట్టుమిషను దేనికన్నావు, సరే, అమ్మెయ్. దాని ఫొటోలు అమ్మ ఫోన్లో ఉన్నాయి, ఫోను బీరువాలో ఉంది. అమ్మకానికి నెట్లో పెట్టేముందు అన్నిట్లో లొకేషన్ తీసెయ్. ఫొటో వెనకాల ఇంటి అడ్రసు దాక్కుని ఉంటుందని నువ్వే కదా చెప్పావు. ముక్కూమొహం తెలియనివాళ్లకి మన గుమ్మం చూపించడం దేనికి? నాలుగు ఫొటోల్లో నేనే తీసేశాను.

ఆకుపచ్చ కర్టెన్ ఫొటో జోలికి మాత్రం వెళ్లకు. పోయినేడు "మన కిటికీకి ఈ రంగు బాగుంటుందా?" అని అమ్మ నాకు పంపింది. బట్టల కొట్లో ఉందనుకుని "డ్యూటీలో ఉన్నా, విసిగించకు" అని పెట్టాను. నిన్న నువ్వు నేర్పినట్టే నొక్కి చూస్తే అది తీసిన చోటు క్యాన్సర్ ఆసుపత్రి. జబ్బు సంగతి మనకి చెప్పడానికి రెండు నెలల ముందు మాట. అది ఆసుపత్రి మంచం చుట్టూ లాగే తెర. ఒక్కతే కూర్చుని నాతో కాసేపు మాట్లాడదామనుకుంది.

లొకేషన్ చెరపడం తెలిసుంటే అదీ చెరిపేసి ఉండేది, మహాతల్లి.

తలుపు గడియ సరిగ్గా పెట్టుకో.

— నాన్న

ఇంకోటి. తెల్లారగట్ల బీరువాలో కుయ్యిమంటే నిద్రలో ఉలిక్కిపడ్డావు. అది అమ్మ ఫోనే. బాగుంటుందని జవాబు పెట్టాను.