పుట్టింటివారు తీజా పండుగకు పిలిచి తాళం వేసిన ఖేమిన్ సాహు గురించి

సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గారి సముఖమునకు,

సెమరాగంజ్ అటుకుల మిల్లులో బట్టీ పని చేయు డాలేశ్వరి నిషాద్, తండ్రి కీ.శే. బిసాహూ నిషాద్, స్వగ్రామం కోసమ్‌డీ, స్వహస్తముతో వ్రాసి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాతో ఒకే గదిలో కలిసి బ్రతుకుచున్న ఖేమిన్ సాహు అను మేజరు స్త్రీని మత్తు మాన్పించు కేంద్రములో ఆమె ఇష్టమునకు విరుద్ధముగా బంధించుట (ఆమె పుట్టి బుద్ధెరిగి ఏ మత్తూ ముట్టలేదు), ఆమెను తమ ఎదుటకు రప్పించి ఒక్క ప్రశ్న అడుగుట గురించి.

పై విషయమై తమరికి తెలియజేసుకొనునది ఏమనగా, ఈ అర్జీని తమ ఆఫీసు గేటు దగ్గర కూర్చునే టైపు ఆయన కొట్టనన్నాడు. "ఇదేం గోలమ్మా, పొలం గట్టు తగాదా అయితే చెప్పు, ఇది కొడితే నా మిషను మైలపడుతుంది" అన్నాడు. అందుచేత నేనే రాస్తున్నాను. ఎనిమిదిలో బడి మానేశాను, మిల్లులో చేరాక పది ప్రైవేటుగా పాసయ్యాను. భాషలో తప్పులుంటే మన్నించగలరు. మిగతా వేటికీ మన్నింపు అడగడం లేదు.

1. ఖేమిన్‌దీ నాదీ ఒకే ఊరు. తమరు వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చారని విన్నాను గనుక మా వాడుక రాస్తున్నాను. శ్రావణంలో ఆడపిల్లలు చీకటి గదిలో బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, రాఖీ మర్నాడు ఏట్లో కలుపుతారు. ఆ మొలకలనే భోజలి అంటాం. ప్రాణమంత ఇష్టమైన పిల్ల ఉంటే ఆ రోజు ఒకరి చెవిలో ఒకరు ఆ మొలకలు పెట్టుకుని భోజలి కట్టుకుంటారు. కులం అడ్డు రాదు. తోడబుట్టిన బంధం తెగినా ఇది తెగదంటారు. వాళ్లు సాహులు, మేము పడవలు నడిపే నిషాదులం. ఊరంతా చూస్తుండగా మా ఇద్దరికీ బొట్టు పెట్టి ఆ మొలకలు చేతికిచ్చింది ఖేమిన్ వాళ్ల అమ్మే. మా వైపు దాయి అంటే అమ్మ; ఆ రోజు నుంచి ఆవిడ నాకు ఫూల్‌దాయి, అంటే రెండో తల్లి. "బతికున్నంత కాలం ఒకళ్లనొకళ్లు వదలకండే" అన్నది ఆవిడే. మేము వదల్లేదు. మా మీద ఉన్న ఫిర్యాదు మొత్తం ఇంతే.

2. మిల్లులో నేను నానిన వడ్లు వేడి ఇసుకలో వేయించే బట్టీ దగ్గర, ఆమె జల్లెడ దగ్గర. స్టేషను వెనక గది తీసుకున్నాం. ఇంటావిడ మంచి మనిషే, నోరు మాత్రం ఊరుకోదు. "ఏమే, మీ ఇద్దర్లో మొగుడెవరే?" అని రోజూ అడిగేది. ఖేమిన్ ఒకరోజు బిందె దించి చెప్పింది. "ముందు లేచి నీళ్లు పట్టింది పెళ్లాం అక్కా. ఇద్దరం నిద్ర లేవని రోజున ఈ ఇంట్లో ఇద్దరూ మొగుళ్లే." ఇంటావిడ పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత అడగలేదు. మా కాపురం వల్ల ఆ వీధిలో ఎవరికీ ఏ హానీ కలగలేదని ఇందుమూలముగా మనవి.

3. తీజా పండుగకు మా వైపు పెళ్లయిన ఆడపిల్లలనే పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్తారు. పెళ్లికాని పిల్ల కోసం ఎవరూ రారు. ఆ అవసరమే ఉండదు. ఈ ఏడు ఎడ్ల పండుగ మర్నాడు ఖేమిన్ అన్న టికేశ్వర్ మోటారు సైకిలు మీద మా గదికి వచ్చాడు. ఖేమిన్ మిల్లులో చేరి ఇక్కడ ఉండిపోయినప్పటి నుంచి మాతో మాట్లాడని మనిషి. చేతిలో స్టీలు డబ్బా, అందులో వాళ్లమ్మ బెల్లంతో వండిన ఖుర్మీలు.

"తీజాకు తీసుకెళ్దామని వచ్చాను. దాయి పంపింది."

"నన్నా? తీజాకా?" అంది ఖేమిన్.

"నిన్నే. ఇంటి ఆడపిల్లవి కాదూ?"

ఖేమిన్ నా వైపు చూసింది. ఆ చూపు ఎలా ఉందో అర్జీలో రాయడం చేతకాదు. మా కాపురాన్ని కాపురమని పుట్టింటివాళ్లు ఒప్పుకున్నారని అనుకున్నాం. మా ఊళ్లో పుట్టిన ఎవరైనా అలాగే అనుకుంటారు. తీజాకు పిలవడం అంటే అదే. నేను అతనికి చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి పెట్టాను. తిన్నాడు. సంచి నేనే సర్దాను. బండి సీటు మీద దుమ్ము నా తువ్వాలుతో నేనే తుడిచాను. బండి స్టార్టు చేసి వెనక్కి తిరిగి, "వస్తాం బావా" అన్నాడు.

నన్ను బావా అన్నాడు సార్. ఏడవకూడదనుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. అందుకని ఆమె వెళ్లడం సరిగా చూడలేదు.

4. పండుగ అయిపోయింది. ఖేమిన్ రాలేదు. ఫోను కలవలేదు. నేను ఊరికి వెళ్లాను. ఫూల్‌దాయి గుమ్మంలోనే ఆపింది.

"ఏం పెట్టావే దానికి?"

"నువ్వు నేర్పిన చద్దన్నమే పెట్టాను దాయీ."

"మందు పెట్టావు. మంత్రాలేసే బైగా చెప్పాడు, కడుపులో ఏదో ఉందని. లేకపోతే బంగారం లాంటి సంబంధాన్ని కాలదన్నుకుంటుందా?" అని, తన రెండు చేతులూ తానే చూసుకుంది. "ఈ చేతులతోనే కదే మీకు మొలకలిచ్చాను. ఈ చేతులు పడిపోనూ."

లోపల్నుంచి టికేశ్వర్ అరిచాడు. "నీ చేతులు కాదు, నాన్న చేసిన గారాబం. ఆడపిల్లకు సైకిలు కొనిచ్చి ఊరి మీద వదిలితే ఇలాగే అవుతుంది."

చనిపోయిన మనిషి మీద కూడా పెట్టారు సార్. తల్లీ కొడుకూ నా ఎదుటే తప్పు ఎవరిదని పోట్లాడుకున్నారు. ఆఖరికి ఫూల్‌దాయి ఏడుస్తూ నా దగ్గరికి వచ్చి, "మత్తు మాన్పించే కేంద్రంలో చేర్పించాం. అక్కడ బాగు చేసి పంపుతారట నోనీ, బిడ్డా. దానికి బాగైతే నిన్నూ చేర్పిస్తాను. నువ్వు మాత్రం నా పిల్లవు కాదా?" అంది. ఆవిడ నిజంగానే అంది. ఆవిడను తిట్టలేకపోయాను. కొడుకును మాత్రం తిట్టాను. ఆ మాటలు ఈ కాగితం మీద రాయదగినవి కావు.

5. అక్కడినుంచి పోలీసు స్టేషనుకు వెళ్లాను. హెడ్డు గారు "తప్పిపోయిన మనిషి పేరు?" అన్నారు. భోజలి కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు నోటితో అనకూడదు, భోజలి అనే పిలుచుకోవాలి. అంటే అవతలి మనిషి ఆయుష్షు తగ్గుతుందని మా నమ్మకం. చిన్నప్పటి నుంచి అనలేదు. నోరు తెరిస్తే "భోజలి" అనే వచ్చింది.

"భోజలి ఏంటి, ఇంటి పేరు?"

"మా భోజలి సార్."

అదే రాసుకున్నారు. కేంద్రానికి ఫోను చేశారు. ఆ పేరుగలవారు ఎవరూ లేరన్నారు. నా తప్పు తెలిసి, అక్కడే పెన్ను తీసుకుని అరచేతి మీద పేరు రాసి చూపించాను. హెడ్డు గారు పక్కాయనకు చూపించి నవ్వారు. "పేరు ఇప్పుడు గుర్తొచ్చిందటయ్యా. ఈమెకు ఆవిడతో కాపురమట." ఫిర్యాదు తీసుకోలేదు. ఈ అర్జీలో ఆ పేరు చాలాసార్లు రాశాను. ఆయుష్షు మాట నిజమే అయితే నాలోంచి కోసి ఆమెకు కలపమని రోజూ మొక్కుకుంటున్నాను. ఇది తమ శాఖకు సంబంధించినది కాదని తెలుసు.

6. ఆ తర్వాత కేంద్రానికి నేనే వెళ్లాను. అక్కడ అందరూ డాక్టరు సాబ్ అని పిలిచే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. గోడ మీద దేవుళ్ల పటాలు ఉన్నాయి గానీ డాక్టరు పట్టా కనపడలేదు. మర్యాదగానే కూర్చోబెట్టారు.

"చూడమ్మా, ఇందులో మూడు రకాలు. పుట్టుకతో వచ్చింది అయితే మాత్రలు ఇస్తాం. పెంపకంలో, సావాసంలో వచ్చింది అయితే భజన, ఉపవాసం. కావాలని చేసేది అయితే..." అని ఆగి, చెయ్యి తిప్పి చూపించారు. "మీ పిల్ల విషయంలో ఏ రకమో తేలడం లేదు."

"తేలకపోతే?"

"మూడూ చేస్తున్నాం."

ఇది నేను కల్పించి రాసింది కాదు. మందులచీటీ చదివినట్టు చెప్పారు. అప్పుడే వరండా అవతల కటకటాల వెనక ఖేమిన్ కనిపించింది. జుట్టు కత్తిరించారు. మొహం ఉబ్బి ఉంది. నన్ను చూసి చెయ్యి సగం ఎత్తింది. ఎందుకు ఎత్తిందో మర్చిపోయినట్టు మళ్లీ దించేసింది.

"సావాసం వల్లే చెడిందని నువ్వు రాసిస్తే ఒక రకం తేలుతుంది. మిగతా రెండూ ఆపుతాం" అన్నారాయన. కాగితం ఇవ్వమన్నాను. "ఖేమిన్ సాహుకు ఏ దోషమూ లేదు. నేనే ఆమెను చెడగొట్టితిని" అని రాసి సంతకం పెట్టాను. టికేశ్వర్ ఆ కాగితం పట్టుకుని నా మీద కేసుకు తిరుగుతున్నాడు. అది తమ ముందుకు వస్తుంది. అందులోది పచ్చి అబద్ధం. మాత్రలూ దెబ్బలూ ఆగుతాయంటే ఇంకోసారి రాస్తాను, ఎన్నిసార్లయినా రాస్తాను. ఆపారో లేదో నాకు తెలియదు. గేటులోకి మళ్లీ రానివ్వలేదు.

7. ఎందుకిలా అయ్యామని ఇంతమంది అడిగాక నేను కూడా ఆలోచించాను. బట్టీ ముందు నిలబడితే ఆలోచించడానికి కావలసినంత టైము. నా సంగతి అయితే, ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఇంతే. ఎవరూ నేర్పలేదు. మా అమ్మ మా అక్కనూ నన్నూ ఒకే చేత్తో పెంచింది. అక్కకు మొగుడూ పిల్లలూ ఉన్నారు. కాబట్టి నాది పుట్టుక అని రాసుకోండి.

కానీ ఖేమిన్‌ది అలా కాదు సార్. ఖేమిన్‌కు నాకన్నా ముందు సైకిలు షాపు కుర్రాడంటే ఇష్టం. అది ఆమె దాచలేదు. "వాడూ బాగున్నాడు, నువ్వూ బాగున్నావు. ఇద్దర్నీ చూసుకుని నీ దగ్గరికే వచ్చాను, తెలుసా" అని నవ్వుతూ చెప్పింది. నాకు ఆ రోజు పట్టినంత గర్వం పది పాసైనప్పుడు కూడా పట్టలేదు. నాకు వేరే దారి లేక ఆమె దగ్గర ఉన్నాను. ఆమె దారులున్నా వచ్చింది.

ఇప్పుడు నేనేం రాయాలి? పుట్టుకతో వచ్చిందంటే పాపం వీళ్లేం చేస్తారని జాలిపడతారు, చట్టం కూడా మా వైపు ఉంటుందని మిల్లు యూనియన్ అన్న చెప్పాడు. కానీ ఖేమిన్ గురించి అది అబద్ధం, ఆమె అబద్ధం ఒప్పుకోదు. ఎంచుకుంది అని నిజం రాస్తే, "అయితే మళ్లీ ఎంచుకోమను" అంటారు. ఎలా ఎంచుకోమంటారో ఆ కేంద్రం గోడ బయట నిలబడి నేను విన్నాను. ఎంచుకున్న దానికి శిక్ష, పుట్టిన దానికి జాలి. ఈ రెండూ తప్ప మూడోది మీ దగ్గర లేదా? తమరికి పెళ్లయిందని విన్నాను. తమది పుట్టుకా, పెంపకమా, కావాలని చేసుకున్నదా? ఈ వాక్యం అర్జీలో ఉండదగదని తోస్తే కొట్టివేయవచ్చును.

ఇంకొకటి ఉంది, అది రాయాలో వద్దో తెలియక ఆగిపోయి ఆగిపోయి రాస్తున్నాను. కావాలని వచ్చిన మనిషి వద్దనుకుని వెళ్లిపోవచ్చు కూడా. ఆ మాత్రల మధ్య, వాళ్లమ్మ ఏడుపు మధ్య, ఖేమిన్ మనసు మారి ఉండవచ్చు. మారితే అది ఆమె ఇష్టం. అది కూడా ఆమెదే సార్, నాది కాదు.

కావున ప్రార్థించునది:

(అ) ఖేమిన్ సాహును ఆ కేంద్రము నుండి వెంటనే తమ ఎదుటకు రప్పించవలెను. మత్తు దిగి మాట తేటపడే వరకు ఆమెను ఏమీ అడగకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంచవలెను.

(ఆ) అడుగునపుడు తల్లి, అన్న, డాక్టరు సాబ్ గదిలో ఉండకూడదు. నేను కూడా ఉండను.

(ఇ) ఎందుకిలా అయ్యావని అడగవద్దు. ఇప్పటికి అందరూ అదే అడిగారు. "ఎక్కడికి వెళ్తావమ్మా?" అని అడగండి. ఇది ఆమెను ఇంతవరకు ఎవ్వరూ అడగలేదు.

(ఈ) ఎక్కడికంటే అక్కడికి ఆఫీసు జీపులో దించి రావలెను. మోటారు సైకిలు మీద ఎవరితోనూ పంపవద్దు.

పై సంగతులను తమరికి మా మీద దయ లేకపోయినను, ఆ కుర్చీకి ఉన్న బాధ్యతతోనైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
డాలేశ్వరి నిషాద్
అటుకుల మిల్లు, సెమరాగంజ్

తా.క.: ఆ రోజు నేను ఆఫీసులోకి రాను. నా సంగతి నాకు తెలుసు, ఆమెను చూస్తే అరుస్తాను, మీరు ఇద్దరినీ పిచ్చివాళ్ల కింద కట్టేస్తారు. మీ గేటు దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది కదా, ఎడమకు పోతే కోసమ్‌డీ, కుడికి పోతే మా గది. ఆ చీలిక దగ్గర పంక్చరు కొట్టు ముందు నిలబడతాను. ఫలానా చోటికి వెళ్తానందని నాకు ఎవరి చేతా చెప్పించవద్దు, జీపు ఎటు తిరిగితే అదే జవాబు. ఎడమకు తిరిగితే వెనకాల పడను, పిలవను, ఇంకో అర్జీ పెట్టను. ఒక్కటే సార్. ఎటు తిరిగినా సరే, ఆ చీలిక దగ్గర కొంచెం మెల్లగా పోనిమ్మని డ్రైవరుతో చెప్పండి.