అమ్మ పిలిస్తే తిరగని చిట్టి

తమ్ముడూ, ఇక్కడ అందరం కులాసా. ఫోనులో చెబుదామంటే అమ్మ పక్కనే ఉంటోంది, అందుకే ఈ కార్డు. వీడియో కాల్‌లో తను పిలిస్తే నీ చిట్టి వెంటనే తిరగడం లేదని, బిడ్డకు చెవులు వినిపించవేమోనని అమ్మ ఇన్నాళ్లూ చాటుగా ఏడుస్తోందిరా! నిన్న చెబితే నాకు నెట్ మీదే అనుమానం వచ్చింది. నెట్ కుర్రాణ్ణి పిలిపించాను. "రూటర్ పాత మోడ్‌లో ఉందండీ, మాట ఆలస్యంగా చేరుతోంది" అన్నాడు. ఇక్కడున్నప్పుడు నీ పాత ప్రింటర్ కోసం అలా పెట్టింది నువ్వే కదరా! ప్రింటర్ అమ్మేసినా అది మార్చలేదు. కుర్రాడు మార్చాక అమ్మ పిలిచింది, పిలుపు పూర్తికాకముందే చిట్టి తిరిగింది. అమ్మ ఫోను నా ఒళ్లో పడేసి వంటింట్లోకి పరుగెత్తింది.

మరదలికి చెప్పకు. ప్రింటర్ వైర్లు అటక మీదున్నాయి, పారేయనా? చిట్టికి దీవెనలు నేను రాయడం లేదు, అమ్మే వినిపిస్తుందట.

అక్క