వైవాలో అమ్మ చెప్పిన జవాబు

నాన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. సముద్రంలో వేటకెళ్లే మనవాళ్ల చరిత్ర మీద నేను రాసిన థీసిస్‌కి, కొండమీది మన విశాఖ యూనివర్సిటీలో ఈరోజే వైవా జరిగింది. అమ్మ కూడా వచ్చింది. పైకప్పు దాకా పుస్తకాలున్న లైబ్రరీ చూసి, గుమ్మంలోనే చెప్పులు విప్పి నిలబడిపోయింది.

"నడిసముద్రంలో చేపలుండే చోటు ఎలా గుర్తుపట్టేవారు?" అని హాల్లో పెద్ద ప్రొఫెసర్ అడిగారు. నేను పుస్తకాల్లోది చెబుతుంటే, వెనక వరసలోంచి అమ్మ లేచింది.

"అలాగ కాదమ్మా! ఒడ్డునున్న రెండు కొండలు ఒకదాని ఎనకాల ఒకటి వచ్చీదాకా పడవ పోనిచ్చీవోరు. మా ఆయన నాకు సెప్పినాడు."

ప్రొఫెసర్లందరూ పెన్నులు తీశారు.

"ఆయన పేరేమిటమ్మా? రాసుకుంటాం," అన్నారు పెద్దాయన.

ఇన్నేళ్లలో నీ పేరు ఒక్కసారి కూడా పలకని అమ్మ, హాలంతా వినబడేలా చెప్పింది.